అరవై ఒక్క సూదులు

దౌగవ నదిలో మంచుపలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న వారం
రీగా పాతసామాన్ల బజారు నుంచి
ఆ పెట్టె మోసుకొచ్చాను.
బూడిదరంగు. ఇటుక కంటే బరువు.
భూమి చుట్టూ తిరిగినదానికి ఇది కవలట,
నేల మీదే ఉండిపోయింది.
అమ్మినవాడు దాన్ని
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేవాడు.

వెనకవైపు గుండ్రటి నోరు.
నోట్లో అరవై ఒక్క సూదులు,
ఒక్కొక్కదాని మీద
పసుపు రాసినంత పలచగా బంగారం.
జోడు పోయిన చెప్పు ఇది.
దీనితో వియ్యమందే ముక్కని చేసిన ఫ్యాక్టరీలో
ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు.

"తీగలు నేరుగా అతికించెయ్యరాదూ" అన్నాడు తాలివాల్దిస్.
అతికించొచ్చు.
కానీ అతికినదాన్ని ఊడదీసినప్పుడల్లా
కొంత బంగారం పోతుంది,
ఎవరిదో కొంత చేతిపని పోతుంది.
అరగాల్సి వస్తే నాది అరగాలి, దానిది కాదు.

లేత్ మీద ఇత్తడి తిప్పాను.
మొదటిది బిగుతు. రెండోది వదులు.
మూడోదాని సంగతి అడక్కండి.
నాలుగోది అచ్చుగుద్దినట్టు సరిపోయింది,
కాగితం మీద.
నోట్లోకి మాత్రం పోనంది.

ఆ రాత్రి పదకొండింటికి
పై అంతస్తు స్కైద్రీతె గారు దిగొచ్చారు,
ఎనభై ఒకటో ఏట, ఉన్నిమేజోళ్లతో,
ఆ రొద ఆపమని తిట్టడానికి.
తిట్టు సగంలో ఉండగా పెట్టెని చూశారు.
మిగతా సగం నాకు రాలేదు.

కళ్లజోడు కోసం వెతుక్కోలేదు.
చిటికెనవేలి గోరుతో నోటి అంచు చుట్టూ ఒక్కసారి తడిమి,
"గాడి నడిమధ్యన లేదు అబ్బాయ్.
ఎడమకి ఏడు డిగ్రీలు.
తప్పుముక్క దూరకుండా మేమే అలా పెట్టాం."

మేమే.

ఇరవై రెండేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నారట.
"ఆస్పత్రి యంత్రాలకన్నారు మాతో.
ఏ రోగి గుండె దగ్గరో ఉంటుందని
ఒక్కో సూదికి రెండుసార్లు ఊపిరి బిగబట్టేదాన్ని."
కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తారనుకున్నాను.
టీ ఉందా అని అడిగారు.

ఐదోదాన్ని ఇద్దరం చేశాం.
నైలాన్ ఒంట్లో బెరీలియం రాగి గొట్టాలు,
ఒక్కోదానికి వెంట్రుకవాసి చీలిక,
సూదిని పట్టుకోవాలి, గీరకూడదు.
ఆవిడ వేళ్ల మధ్య నొక్కి బిగువు చూసి
పుచ్చుబఠాణీలు ఏరినట్టు ఏరి పారేశారు.
ముప్ఫై గొట్టాలు మళ్లీ చేశాను. మళ్లీ పదకొండు.

ఏడు డిగ్రీలు ఎడమకి తిప్పి నెట్టాను.
టక్కుమని కూడా అనలేదు.
కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నిట్టూర్పంత.
ఇరవై ఏడు వోల్టులు ఇచ్చాను.
లోపలెక్కడో ఒక రిలే
కదిలింది, ఒక్కసారి,
మరి కదల్లేదు.

"నాడి దొరికిందా?" అన్నారావిడ.

ఊడదీశాను. పెట్టాను. ఊడదీశాను.
లెక్కప్రకారం ఐదువందలసార్లు ఆగుతుంది ఇది.
అరిగితే ఇంకోటి; కొలతలు ఉన్నాయి,
కౌనస్‌లో ఇలాంటి నోరే ఉన్న ఒకాయనకి
పోస్టులో పంపాను.

ముప్ఫై ఏడో సూదికి లోపల ఏ తీగా లేదు.
ఎందుకో ఆవిడకీ తెలీదు.
దానికీ ఒక గొట్టం చేశాను.