పద్నాలుగు డిగ్రీలు

చినవాల్తేరులో ఏసీ బాగుచెయ్యాలంటే వెళ్ళాను.
పడగ్గదిలో పాత ఫ్యాను కీచుమంటోంది.
ఏసీ ఉన్నది మెట్ల కింద సామాన్ల గదికి.
"నాక్కాదయ్యా, వీళ్ళకి" అంటూ తలుపు తీశారు
చీఫ్ ఇంజనీరు పిళ్లా జోగినాయుడు గారు.
చీకట్లో పక్కకి తిరిగి పడుకున్న సీసాలు,
నూట పన్నెండు,
అర్ధరాత్రి స్లీపరు బోగీలా.

ముప్పయ్యేళ్ళు ఓడల అడుగున
నూనెలో, రొదలో, నలభై అయిదు డిగ్రీల్లో ఉడికిన మనిషి
పద్నాలుగు డిగ్రీల కోసం
నా స్క్రూడ్రైవరు వంక దేవుడి వంక చూసినట్టు చూశారు.

కేప్ టౌన్‌లో ఓడ ఆగితే
మిగతావాళ్ళు బజారుకి పోయేవారట,
ఈయన బస్సెక్కి కొండల వైపు.
"అక్కడి ముసలి తీగలకి పందిరుండదు.
దేనికదే, మోకాలెత్తు మోడులా నిలబడుంటుంది.
నీళ్ళు పెట్టరు. వానొస్తే తాగుతుంది, రాకపోతే లేదు.
మా అమ్మమ్మ పుట్టిన ఏడు నాటినవీ ఉన్నాయి.
చెట్టుకి నాలుగు గుత్తులు. కొట్టేసి కొత్తవి వేస్తే లాభం.
అందరూ కొట్టేస్తారు. ఎవడో ఒక మొండివాడు కొట్టడు.
నేను వెతికింది వైన్‌ని కాదు, ఆ మొండివాణ్ణి."
మా తాత గీసిన ముసలి తాడి గుర్తొచ్చింది నాకు.
పొద్దుటికి అర ముంత.
ఆ అర ముంతకే తగాదాలు.

ఆయన బల్ల మీద రెండు హార్లిక్సు సీసాలు:
ఒకదాన్లో ఆ తోటమట్టి,
ఒకదాన్లో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలది.
ఏది ఏదో చెప్పమనేవారు.
ఏ సర్వీసింగుకి వెళ్ళినా తప్పే చెప్పాను.

హుద్‌హుద్ వచ్చింది.
కరెంటు కాదు, స్తంభాలే పోయాయి.
కూలిన చెట్ల మీంచి దూకుతూ వెళ్ళేసరికి
ఊరంతా పాల ప్యాకెట్ల కోసం కొట్టుకుంటుంటే
ఈయన థర్మామీటరు పట్టుకుని మెట్ల కింద.
ముప్పై ఒకటి.
"పెరట్లో నుయ్యుంది కదండీ" అన్నది నేనే.
పాపం నాదే.

జాలారిపేట నుంచి మైలపల్లి నూకరాజు వచ్చాడు,
పడవ రెండు ముక్కలై వల ఒక్కటీ మిగిలినవాడు.
"పట్టిన సరుకుని మళ్ళీ నీళ్ళలోకి దింపడం
ఇదే మొదులు బాబూ" అంటూ
తాడు మెల్లమెల్లగా వదిలాడు.

ఎనిమిది రోజులు.

పైకి తీసినప్పుడు
లేబుళ్ళన్నీ ఊడి నూతి మీద తేలుతున్నాయి,
సిరా కరిగి, తెల్లగా, ఒకేలా.
లాగ్‌బుక్కులో నూట పన్నెండు పేర్లు.
గట్టు మీద నూట పన్నెండు సీసాలు.
మధ్యలో ఏమీ లేదు.
చీఫ్ గారు తడి గట్టు మీదే కూలబడ్డారు.
"సరుకు లోనే ఉన్నాది కదేటి"
అన్నాడు నూకరాజు, వల పిండుకుంటూ.

ఆ సాయంత్రం ఒకటి విప్పారు.
మూడు స్టీలు గ్లాసులు.
నాకు ముందు నేరేడుపండు తగిలింది,
తర్వాత వక్క నమిలిన వగరు,
మింగాక చాలాసేపటికి
వాన పడ్డ ఇటుకలాంటిదేదో.
చీఫ్ గారు కళ్ళు మూసుకుని ఒక తోట పేరు చెప్పారు,
సంవత్సరంతో సహా.
రెండో గుక్కకి వేరే తోట.
మూడో గుక్కకి కళ్ళు తెరిచి
ఏమీ అనలేదు.

ఏసీ ఇప్పటికీ పద్నాలుగు మీదే ఉంది.
ఏటా తుఫాను రోజున ఒకటి విప్పుతారు,
ముగ్గురం ఊహించాలి,
ఊహలు లాగ్‌బుక్కులో పెన్సిలుతో.
నాది ఏటికో మాట.
నూకరాజు మాత్రం గ్లాసు దించి
ఎప్పుడూ ఒకటే అంటాడు:
"ఇది మన భీమిలి సరుకే."

మొన్న అక్టోబరులో
చీఫ్ గారు పెన్సిలు చెక్కుకుని
తన గడిలోనూ అదే రాసుకున్నారు.