దిగువ గేటు

డాక్టరు గారండీ,
ముప్పయ్యొక్కేళ్ళు లాకుల మీద లస్కరుగా చేశాను.
మీరు తెర మీద చూపిస్తున్న ఆ ఎర్రటి దారి
నాకంత కొత్తేం కాదండి, ఆయ్.

మనిషిని తలకిందులుగా వేలాడదీసినా
మింగిన ముద్ద కడుపుకే చేరుద్దంట,
దీనమ్మ సిస్టరు చెప్పింది.
గొంతులో నెట్టే కండరం ఉందంట.
మాకా సుఖం లేదండి.
మా కాలవకి పల్లమే ప్రాణం,
అది తప్పితే నీళ్ళు ఎక్కడివక్కడ నిలబడి
నాచు పట్టేవి.

నిన్న రాత్రి పస్తుండమన్నారు.
పది దాటాక లోపల ఒకటే గుడగుడ.
ఆకలనుకున్నాను.
ఖాళీ పేగు తన్ను తనే ఊడ్చుకుంటదంట,
గంటన్నరకోసారి, మెతుకు మిగలకుండా.
నవ్వొచ్చిందండి.
మేమూ వేసవిలో కాలవ కట్టేసి
గుర్రపుడెక్క లాగి, పూడిక తీసి,
అడుగు బురదలో కొర్రమీను కోసం కొట్టుకునేవాళ్ళం.

కడుపులో పులుపు
ఒంటి మీద పడితే బొబ్బలెక్కుద్దంట.
తన గోడ జోలికి మాత్రం పోదంట,
జిగట పూత కాపాడుద్దంట.
నా పూత ఎప్పుడు లేచిపోయిందో,
దిగువ గేటు దగ్గర పుండు పడింది.
మానింది. మానుతూ ముడుచుకుంది.
మానడం కూడా దారి మూసేస్తదని
నాకు తెలీదండి.

ఆ కింద ఇరవై అడుగుల సన్నపేగు,
మడతల్లో మడతలు, నూగులాంటి వేళ్ళు,
తిండి ఒంటికి ఇంకేది అక్కడేనంట.
అంటే ఆయకట్టంతా గేటుకి దిగువనే.
పైన నిండి పొర్లిపోతోంది,
పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం కక్కుతున్నాను.
కింద బీటలు.

నేలపూడి తాతబ్బాయని, శివారు రైతు.
ఒక దాళ్వాకి, మార్చి నెలాఖర్న,
అర్ధరాత్రి టార్చిలైటేసుకుని వచ్చాడు.
"చేను పొట్ట మీదుంది బాబూ,
రెండంగుళాలెత్తు" అన్నాడు.
నీ వంతు ఎల్లుండి అన్నాను.
కాయితం చూపించాను.
తాళంచెవి నా మొలతాడుకే ఉంది.
అతను గట్టు మీద గొంతుక్కూచుని
గేటు సందులోంచి కారే సన్నటి ధారని
తెల్లారేదాకా చూశాడు.

రేపు బుడగ పెట్టి వెడల్పు చేస్తానన్నారు.
ఎంతని అడగనండి.
పన్నెండు మిల్లీమీటర్లో, పదిహేనో,
మీ కాయితంలో ఎంతుంటే అంత.

కాపోతే, ఎత్తాక ఒక్కసారి
శివారు దాకా వెళ్ళి
తడిసిందో లేదో చూసొస్తారా అండీ?

నేను వెళ్ళలేదు.