ఒసాకాకి ముందు

నలభై ఏళ్లుగా నేను ఆరబెట్టిన కొంబు నాచు
ఒసాకా వెళ్తూనే ఉంది.
నేనే ఇంకా వెళ్లలేదు.

కట్టల మీద ఆ ఊరి పేరు ముద్ర కొట్టింది నేనే.
గోళ్ల కింద సిరా
శీతాకాలానికి గానీ పోయేది కాదు.

ఇప్పుడు రెబున్ దీవంతా మంచు.
చేతులకి పని లేక వంటబల్ల మీద పటం పరిచాను.
ఉమెదా స్టేషను సరిగ్గా మడత దగ్గరుంది,
చిరిగింది.
అన్నం మెతుకుతో అతికించాను.

పోస్టుమాన్ హిసాయోషి ఒక్కసారి వెళ్లొచ్చాడు,
ఆ ఒక్కసారినే పదేళ్లుగా చెప్తున్నాడు:
"ఎస్కలేటరు మీద కుడిపక్కన నిలబడు,
ఎడమపక్క తొందరున్నవాళ్లది."
డెబ్భై ఒకటి నాకు. తొందరేముందయ్యా!

పడవ, బస్సు, విమానం, మళ్లీ రైలు
కాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నాను.
కొత్త బూట్లు కరవకుండా
ఖాళీ గోదాములో అటూ ఇటూ నడుస్తున్నాను.
"కోట చూస్తావా?" అంది పడవ టికెట్లమ్మే చినామి.
చూస్తాలే, దారిలో తగిలితే.

నాకు కావలసింది
ఏదో సందులో, బోర్డు మాసిన కొట్టులో,
గట్టిగా నవ్వే మనుషుల మధ్య
ఒక గిన్నె ఉదోన్.

ముందు పులుసే, ఒక్క గుక్క.
కళ్లు మూసుకుంటే తెలిసిపోవాలి
ఏ ఒడ్డుదో,
ఉత్తరపు రాళ్లదా, మా వాకిటిదా,
వాన మీదికొస్తుంటే పరుగున ఎత్తిన
ఆ మధ్యాహ్నందా.

తెలియకపోతే
రెండో గిన్నె అడుగుతాను.
దానికీ డబ్బులు
విడిగా చేతిగుడ్డలో ముడేశాను.