చిల్లర బాకీ

మేడ మీద ఒక గది, వంటిల్లు,
మూడు రోజులకొకసారి నీళ్లు.
కొంగారెడ్డిపల్లెలో మా ఇంటి గేటుకు
"ఇల్లు బాడుగకు" అని అట్టముక్క కట్టినాను.

తోతాపురి లారీలు రోడ్డుపొడుగునా బారులు తీరిన నెల.
ఆమె వచ్చింది, వెనక ముసలి తల్లి.
జ్యూస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పనంట.
బాడుగకు బేరం కూడా ఆడలేదు.
కిటికీ తెరిచి "గాలి బాగా కొడతాది మా" అనింది తల్లితో,
మా యాసలోనే, నాకంటే మెత్తగా.

అప్పుడు అడిగినాను పేరు.
గౌసియా, అనింది.

నాలుక దానంతటదే తిరిగింది:
"అయ్యో, నిన్ననే ఒకరు అడ్వాన్సు ఇచ్చిపోయినారే..."

ఆమె నా ముఖం చూడలేదు. గేటుకేసి చూసింది.
"బోర్డు తీసేయండి సార్.
ఈ ఎండకు ఇంకొకరు మెట్లెక్కకుండా."
తల్లి మోకాళ్లు పట్టుకోని ఒక్కొక్కటే దిగింది.
పదహారు మెట్లు.

ముప్పయ్యొక్క ఏండ్లు ఆర్టీసీలో కండక్టరు పని చేసినోణ్ని.
కోళ్లగంపతో ఎక్కినోళ్లనూ, పెండ్లికి పొయ్యేటోళ్లనూ
"యాడికి?" అని ఒక్కమాటే అడిగినాను.
మొగిలి ఘాట్‌లో బండి మొరాయిస్తే
అందరం దిగి తోసినాం.
నా భుజం పక్కన ఎవురి భుజమో
ఇప్పటికీ తెలియదు.
బస్సు దిగినాకనే పట్టింది నాకీ జబ్బు.

రాత్రి అన్నం పెడతా మునెమ్మ అడిగింది:
"ఏం చెప్పి పంపించేస్తివి?"
చెప్పినాను. గరిటె ఆపలేదు.
"మీ అవ్వ పేరేంది?"
మస్తానమ్మ.
పుట్టిన బిడ్డలు నిలవక
దర్గాలో మొక్కి పెట్టుకున్న పేరు.
"ఆమె వచ్చి అడిగుంటే ఇచ్చుంటివా ఇల్లు?"

సంకటిముద్ద గొంతులోనే నిలబడింది.
మజ్జిగ తాగినా దిగలేదు.

నెల దాటినాక బస్టాండులో కనబడింది.
తనే పలకరించింది, బాగుండారా సార్ అని.
ఇల్లు దొరికిందా మా, అన్నాను.
"దొరికింది సార్. మురకంబట్టులో.
ఆరు ఇండ్లు తిరిగినాము. మీది మూడోది."
కోపంగా అనలేదు. లెక్కలు రాసే మనిషి కదా,
ఉన్నది చెప్పింది.
నేను నోరు తెరిచేలోపల బస్సు వచ్చింది.

సంచిలో చిల్లర లేనప్పుడు
టికెట్టు వెనక రాసిచ్చేవాణ్ని, ఇంత బాకీ అని.
కొందరు మరిచిపోయి దిగిపోతారు.
డిపోలో లెక్క కట్టేటప్పుడు మిగిలే ఆ పైసలు
తనవి కావని
కండక్టరుకు తెలుసు.

నిన్న ఒక పిల్లోడు వచ్చినాడు గది చూడను.
పేరు అడగబోయినాను. పెదాల దాకా వచ్చింది.
మింగేసి,
నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పినాను.