కుర్చీల లెక్క

శనివారం సాయంత్రానికి ముప్ఫై కుర్చీలు చెప్పాను.
"ముప్ఫైయేనా సారూ?" అన్నాడు షామియానా ఏసోబు,
పోయినసారి పదకొండు మందికి
ముప్ఫై మోసిన భుజం తడుముకుంటూ.
ఒక్కోటి ఎనిమిది రూపాయలు, రిక్షా ఖర్చు నాదే.
ఖాళీ కుర్చీక్కూడా అద్దె ఉంటుంది.
ఈ సంగతి సభావిశేషాల్లో ఎవరూ రాయరు.

బ్రాడీపేట నాలుగో లైన్లో
అటు కోచింగ్ సెంటరు, ఇటు కళ్ళజోళ్ళ షాపు,
మధ్యలో ఇరుక్కున్న సన్నటి పేజీ మా కొట్టు.
బల్లలు గోడకి జరిపాను.
పోటీపరీక్షల పుస్తకాలు మెట్ల కిందికి నెట్టాను.
మాకు అన్నం పెట్టేవి అవే, వాటికో నమస్కారం.
కవిత్వం అర మాత్రం కదపలేదు,
కదిపితే వెనక పెచ్చులూడిన గోడ కనపడుతుంది.

రావాల్సిన రచయిత్రి మస్తాన్‌బీ.
ముప్ఫై ఒక్క ఏళ్ళు మాచర్ల డిపోలో కండక్టరు.
మొదటి పుస్తకం అరవై రెండో ఏట.
బస్సులోనే వచ్చింది, పాసు మీద.
గుమ్మంలో నిలబడి
వెనక వరసల్లో విడివిడిగా కూర్చున్న తొమ్మిది మందిని చూసి
అలవాటు కొద్దీ అనేసింది:
"ముందుకు జరగండమ్మా, జరగండి,
లోపలంతా ఖాళీయే!"

జరిగారు. మూడేళ్ళుగా
నేను మైకులో బతిమాలినా జరగనివాళ్ళు.

పేజీ తిప్పేముందు వేలు నాలికకి అద్దుకుని
టికెట్టు చింపినట్టే తిప్పుతుంది.
సత్తెనపల్లిలో ఎక్కిన ఒకావిడ కథ.
ఒళ్ళో చంటిపిల్ల చెప్పులున్నాయి, చంటిపిల్ల లేదు.
ఎక్కడికమ్మా అంటే
"ఆఖరిదాకా ఇవ్వండి" అందట.
అక్కడ ఆగి, మస్తాన్‌బీ మంచినీళ్ళ కోసం చూసింది.
సరిగ్గా అప్పుడే
మిర్చి టిక్కీలేసుకుని ఒక ట్రాలీ ఆటో లైన్లోంచి పోయింది.
ముందు కళ్ళజోళ్ళ షాపతను తుమ్మాడు,
తర్వాత మేమందరం.
ఎవరు తుమ్మారో ఎవరు ఏడ్చారో
గుంటూర్లో విడదీయడం కష్టం.
ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకుండా
జేబురుమాళ్ళన్నీ బయటికొచ్చాయి.

ప్రశ్నలుంటే అడగండి అన్నాను.
కోటిలింగం మాస్టారు లేచారు.
ఆయన ప్రశ్నకి ముందుమాట ఉంటుంది, పీఠిక ఉంటుంది,
అనుబంధం కూడా ఉంటుంది,
ప్రశ్నే ఉండదు.
ఎమ్మే చదివే అమ్మాయి ప్రేరణ ఏమిటని అడిగింది.
"సమ్మె, తల్లీ.
ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకోలా.
పాత వేబిల్లుల వెనక రాశా."

ఎనిమిదింటికి కుర్చీల కోసం వచ్చిన ఏసోబు
చేతిలో తాడుతో గుమ్మం దగ్గర నిలబడ్డవాడు
తన కుర్చీలోనే ఎప్పుడు కూర్చున్నాడో చూడలేదు.
"ఆవిడ దిగిందా అండీ, ఆఖర్న?"

మస్తాన్‌బీ పుస్తకం మూసేసి ఉంది, మళ్ళీ తెరవలేదు.
"డిపోలో లెక్క అప్పజెప్పి
సంచి మర్చిపోయానని బస్సెక్కి చూస్తే
సీటు మీద చెప్పులే ఉన్నాయి, నాయనా."
"మరి పుస్తకంలో?"
"పుస్తకంలో ఇంకా కూర్చునే ఉంది."

ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ అడగలేదు.
టీ చల్లారింది. నాలుగు పుస్తకాలు అమ్మాను.
ఐదోది ఏసోబు తీసుకున్నాడు,
నూటయాభై అద్దెలో విరగ్గొట్టమన్నాడు.
మాస్టారు స్కూటరు మీద ఆవిడని బస్టాండుకి తీసికెళ్ళారు,
దారి పొడుగునా పీఠిక చెప్పే ఉంటారు.

షట్టరు సగం దించి చూస్తే
రిక్షాలో తాడేసి బిగించిన ఇరవై తొమ్మిది కుర్చీలు.
ముప్ఫయ్యోది వీధిలైటు కింద వేసుకుని
ఏసోబు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతున్నాడు.
"ఏం వెతుకుతున్నావ్?"
"ఆ చెప్పులు ఏ రంగో రాసిందా అని."

రాసిందా?
నిలబడిపోయాను, షట్టరు పట్టుకుని.
ఆ పుస్తకానికి అచ్చుతప్పులు దిద్దింది నేనే.