తీపి తెలియని అరగంట

మామండూరు దాటినాక రైలుకట్ట పక్కన
ముళ్ళకంపకు అల్లుకున్న తీగె అది.
మానికల పోలయ్య చూపించకపోతే
తొక్కుకుంటా పోయేదాన్నే.
"పొడపత్రి మేడమ్. ఆకు నమిలి చక్కెర తిను.
అబద్ధమైతే నా పేరు మార్చు" అన్నాడు.

పేరు మార్చలేదు. రాయనూ లేదు.
హెర్బేరియం షీటు మీద
సేకరించినవారు: ఎం. రెడ్డెమ్మ.

నీడన ఎండబెట్టినాను పదకొండు దినాలు.
దంచినాను. జల్లించినాను.
సాక్స్‌లెట్‌లో మిథనాల్ పైకెక్కి, చల్లబడి, నిండి,
గుటుక్కున దిగిపోతుంది.
ముప్ఫై ఆరుసార్లు లెక్కపెట్టినాను.
ముప్ఫై ఏడోసారి కరెంటు పోయింది.
కిటికీలో కొండదారి దీపాలు మాత్రం
వెలుగుతానే ఉన్నాయి.

ఎలుకలు ముప్ఫై. గ్రూపుకి ఆరు.
చక్కెర జబ్బు వాటికి పుట్టుకతో రాలేదు,
నేనే సూదితో పెట్టినాను.
తోక చివర ఒక్క బొట్టు,
మా నాయనకి వేలి చివర తీసినట్టే.
మూడో వారానికి నాలుగో గ్రూపులో అంకెలు దిగినాయి.
ఐదో గ్రూపులో, మోతాదు రెట్టింపు చేసిన చోట,
ఎందుకో దిగలేదు.
"మళ్ళీ చెయ్" అన్నారు సారు, కళ్ళజోడు తీయకుండానే.
మళ్ళీ అంటే ఇంకో ముప్ఫై.
బోనుల్లో నీళ్ళు మార్చే మునెమ్మ
పాపం గదమ్మా అనలేదు.
"దీనికి ఆకలెక్కువ" అని ఒకదాన్ని చూపించి
పొట్టు మార్చి పోయింది.

ఆ రాత్రి ఆకు నేనే నమిలినాను.
చేదు. నాలుక మీద గరుకు.
రూమ్మేటు దర్శనానికి పోయి తెచ్చిన లడ్డు
సగం విరిచి నోట్లో పెట్టుకున్నాను.

ఇసక.
నెయ్యిలో తడిసిన ఇసక.
కాసేపు ఆగితే
యాలక్కాయ ఉంది. పచ్చకర్పూరం ఉంది.
వేగిన శనగపిండి వాసన ఉంది.
ఎండుద్రాక్ష తోలు పంటి కింద సాగింది.
ఇన్నేళ్ళూ తీపి అడ్డం నిలబడి
వీటిని నాకు కనపడనీయలేదు.

మా నాయన ఆరేండ్లుగా లడ్డు ముట్టడు.
కళ్ళకద్దుకుని పక్కింటి పిల్లోళ్ళకి ఇచ్చేస్తాడు.
ఆయన నాలుక మరిచిపోయింది ఎంతో
ఏ టేబుల్లో వెయ్యాలి?

ముప్ఫై నాలుగో నిమిషానికి
నాలుక అంచున, ఎడమ పక్కన,
తీపి దొంగమాదిరి తిరిగొచ్చింది.
నోటుబుక్కులో రాసినాను, తేదీ వేసి.
మనిషి ఒకటి. కంట్రోలు లేదు. పనికిరాదు.

తెల్లారినాక హెర్బేరియం షీటు బయటికి తీసి
స్థానిక నామం అన్న గడిలో
పొడపత్రి పక్కన, ఇరుగ్గా,
చెప్పినవాడు మానికల పోలయ్య అని చేర్చినాను.
సారు కొట్టేస్తే కొట్టేయనీ.
ఇంకు ఆరేదాకా ఊదుతా కూర్చున్నాను.