సున్నా నుంచి పది దాకా

సోహార్ లేబర్ క్యాంపులో శుక్రవారం పొద్దున,
ఏసీ గురక పెట్టే మూడో నంబరు పోర్టాక్యాబిన్‌లో
నా పని అనువాదం.
డాక్టర్ మైథా ఇంగ్లీషులో అడుగుతుంది,
నేను గుంటూరు తెలుగులో అడుగుతాను,
వాళ్లు జగిత్యాల తెలుగులో చెబుతారు.
ఫారంలో పడేది మాత్రం ఒక అంకె.

సున్నా అంటే ఏమీ లేదు.
పది అంటే ఓర్చుకోలేనంత.
"ఓర్చుకోకుంటే ఈడెట్లుంటం మేడం?"
అన్నాడు మొదటివాడే.
ఆ మాటకు ఫారంలో గడి లేదు.

లింబాద్రి పదకొండోవాడు.
ఇనుప చువ్వలు కడతాడు.
చువ్వ మీద చువ్వ, కలిసేచోట తీగ,
కొక్కెంతో రెండు మెలికలు,
మళ్లీ వంగడం, మళ్లీ తీగ.
రోజుకు ఎన్ని ముళ్లు వేస్తావని అడిగితే
"పెండ్లిల మూడే ఏసిన మేడం,
ఈడ దినాం మూడువేలు" అన్నాడు.
వరసలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు.
ఎందుకు నవ్వారని మైథా కళ్లతో అడిగింది.
మూడువేలు, అని మాత్రం చెప్పాను.
పెళ్లి ముడి విప్పి చెప్పేంత టైము లేదు.

ముంజేతికి సెన్సర్ పట్టీ కట్టాం.
మణికట్టు ఎన్ని డిగ్రీలు వంగుతోంది,
నిమిషానికి ఎన్నిసార్లు,
కండ తన బలంలో ఎన్నో వంతు ఖర్చుపెడుతోంది,
అన్నీ తెర మీద పచ్చగీతలు.
ఉత్తి గాలిలోనే ముడి వేసి చూపించాడు.
తీగ లేదు, చువ్వ లేదు,
వేళ్లు మాత్రం అలవాటైన దారిన పోయాయి.
గీత ఎగిరిపడింది.

నొప్పి ఎక్కడ?

"నొప్పి గాదు మేడం.
పగలంత సల్పుతది.
వంచితే పోటు.
గిలాస పడితే జివ్వుమంటది.
నడిరాత్రి తిమ్మిరెక్కి లేస్తే
చెయ్యి నాది గానట్టే ఉంటది,
పక్క మంచపోనిదేమో అని తడుముకుంట."

సలుపు, పోటు, జివ్వు, తిమ్మిరి.
నాలుగు తాళాలకూ నా దగ్గరున్నది ఒకటే చెవి.
పెయిన్, అన్నాను.
ఎంత అని అడిగితే, కాసేపు ఆలోచించి
"నాలుగేసుకోండి" అన్నాడు,
బజార్లో బేరం తెగ్గొట్టినట్టు.

తర్వాత పట్టు చూడాలి.
రెండు ఇనుప పిడులు, పైన గడియారం ముల్లు,
ఎంత పిండితే అంత కిలోల్లో చెబుతుంది.
లింబాద్రి ముల్లుని చూశాడు,
తలుపు దగ్గర నిలబడ్డ క్యాంపు బాస్‌ని చూశాడు,
గొంతు తగ్గించి నన్ను అడిగాడు:
"ఎంతొస్తే మంచిది మేడం?"

తక్కువొస్తే టికెట్టు చేతిలో పెడతారేమో.
ఎక్కువొస్తే ఏ రోగమూ లేదంటారేమో.
ఎంతొస్తే మంచిదో నాకిచ్చిన ట్రైనింగులో లేదు.
"ఎంతుంటే అంత" అన్నాను.
సులువుగా అనేశాను.
ఏమడిగాడు, అంది మైథా.
ఎంత గట్టిగా నొక్కాలని, అన్నాను.

పళ్లు బిగించి పిండాడు. మెడ నరం పొంగింది.
నలభై నాలుగు.
నలభై మూడు.
మూడోసారి నలభై అయిదు.
ముప్పై నాలుగేళ్లవాడికి మామూలే, అని రాసుకుంది.
క్యాంపు బాస్ తల ఊపాడు,
మేకని తూకం వేయించుకున్న ఆసామిలా.

ఇక సంతకం.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
పెన్ను నిలవలేదు.
జారి టేబుల్ కిందికి దొర్లింది.
వంగి ఎడమచేత్తో తీసి కుడిచేతికి అందించాడు,
చిన్నపిల్లాడికి పలక అందించినట్టు.
'లి' రాశాడు.
పక్కన సున్నా చుట్టాలి.
సగం తిరిగి ఆగిపోయింది.

కుడివైపు నోరు తెరిచిన ఆ సున్నాని
ముగ్గురం చూశాం.
మైథాకి తెలుగు రాదు.
అయినా నలభై అయిదు పక్కన
చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.
"ఇందాక నిజంగా ఏమడిగాడు?"

బాస్ ఫోను చూసుకుంటున్నాడు.
లింబాద్రి అడిగినట్టే గొంతు తగ్గించి,
ముందు సలుపు అంటే ఏమిటో
చెప్పడం మొదలుపెట్టాను.